918 స్పైడర్ నమూనా: పొట్ట ముందు, ఒళ్ళు తర్వాత

మాది ఒడిశాలో పర్లాకిమిడి. తాతల నాటి నుంచి వినాయకులు, దుర్గమ్మలు చేసే ఇల్లు. దసరా దాటితే చేతులకి పనుండదు. అలాంటి రోజుల్లో మా గుంటడు బళ్ళో సైన్సు ప్రదర్శనకి పోర్షే 918 స్పైడర్ చెయ్యమని కూచున్నాడు. లెక్కపెట్టి 918 మాత్రమే కట్టి, 2015లో ఆపేసిన హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజినూ కరెంటు మోటార్లూ కలిసి నడిపేది. మేమెవరం కళ్ళతో చూసింది లేదు.

మొదటిసారి నా బుద్ధి పోనిచ్చుకోలేదు. విగ్రహానికి చేసినట్టు ముందు ఒళ్ళు నునుపుగా తీర్చేసి, సైలెన్సర్ గొట్టాలు వెనక బంపరు కింద గుచ్చేశాను. వాడు ఫోన్లో ఫొటో పక్కన పెట్టి "నాన్నా, ఇవి నెత్తిమీద కదా ఉండాలి?" అన్నాడు. మొత్తం పీకి, రెండోసారి పొట్టతో మొదలెట్టాను. మీరూ అక్కణ్ణుంచే మొదలెట్టండి.

పదో వంతు సైజు చాలు. అసలు కారు పొడవు 4643 మిల్లీమీటర్లు, వెడల్పు 1940, ఎత్తు 1167. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2730. అంటే మీకు 46 సెంటీమీటర్ల పైన పొడవు, 19న్నర వెడల్పు ఉన్న ప్లైవుడ్ చెక్క కావాలి. దానిమీద ఇరుసుల గీతలు 27.3 సెంటీమీటర్ల ఎడంలో గీయండి. ఎత్తు 12 సెంటీమీటర్లు కూడా లేదు, చూశారా? ఆ పొట్టితనం లోపలే అన్నీ ఇరికించాలి.

చక్రాల దగ్గర చాలామంది తప్పు చేస్తారు, నాలుగూ ఒకే సైజు కోసేస్తారు. దీని ముందు టైరు 265/35, అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో 35 శాతం. రిమ్ము 20 అంగుళాలు. వెనకది 325/30, రిమ్ము 21. లెక్క కడితే పదో వంతులో ముందు చక్రం అడ్డకొలత 69 మిల్లీమీటర్లు, వెనకది 73. నేను ముందుకి 63 పీవీసీ పైపు ముక్క తీసుకుని, పాత సైకిల్ ట్యూబు చుట్లు చుట్టి 69కి తెచ్చాను. వెనకకి 75 పైపు కోసి ఆకురాయితో అరగదీశాను. వెడల్పు కూడా ముందు 26న్నర, వెనక 32న్నర ఉండాలి. ఇంజిను బరువూ దాని బలమూ వెనక ఉన్నాయని ఆ టైర్లే చెప్తాయి.

ఇక పొట్ట. నాలుగు రంగుల మట్టి ముద్దలు పెట్టుకోండి. ఎరుపు ముద్ద 4.6 లీటర్ల వీ8 ఇంజిను, అంటే ఎనిమిది సిలిండర్లు రెండు వరసల్లో V ఆకారంలో ఉండేది. దాన్ని సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందు పెట్టాలి. ఆకుపచ్చది 6.8 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, ఇంజినుకీ సీట్లకీ మధ్య, చెక్కకి ఆనించి. బరువెంత కిందికి ఉంటే మలుపులో బండి అంత నిలకడగా ఉంటుంది. పసుపు ముద్దలు రెండు, అవి మోటార్లు: ఒకటి ముందు ఇరుసు మీద, ఇంకోటి ఇంజినుకీ గేరుబాక్సుకీ మధ్య. గేరుబాక్సు నలుపు. దీన్ని పోర్షే వాళ్ళు తలకిందులుగా తిప్పి బిగించారు, అదీ బరువు కిందికి దించడానికే.

ఇప్పుడు ఆ గొట్టాలు. ఎర్ర ముద్ద పక్కనే ఆకుపచ్చ ముద్ద ఉంది కదా. ఇంజిను పొగ నిప్పులా కాలుతుంది, బ్యాటరీకి వేడి పడదు. పొగగొట్టాన్ని బండి వెనకదాకా తిప్పి తీసుకెళ్తే ఆ వేడంతా లోపలే తిరుగుతుంది. అందుకే వీ8 రెండు వరసల మధ్య నుంచే పొగని పైకి లాగి, ఇంజిను నెత్తిమీదే వదిలేశారు. దారి పొట్టిదైంది, వేడి పైకి పోయింది. నేను రెండు స్కెచ్ పెన్నుల గొట్టాలు నిలబెట్టాను.

ఇప్పుడే ఒళ్ళు కట్టాలి. మహేంద్రతనయ ఏటి ఒడ్డు మట్టితో అచ్చు చేశాను. అది ఎండితే పగులుతుంది, కాబట్టి తడిబట్ట కప్పి ఉంచండి. కార్ల కంపెనీల్లో నీళ్ళు లేని మైనపు మట్టి వాడతారు, వేడి చేస్తే మెత్తబడుతుంది, పగలదు. విరిగిన హాక్సా బ్లేడుతో గీకి, తడిచేసి, ట్యూబులైటు కింద పెట్టి చూడండి. వెలుగు గీత వంకర పోయిందంటే అక్కడ గుంటో మిట్టో ఉన్నట్టే. వేలితో నిమిరితే దొరకని తప్పు లైటుకి దొరికిపోతుంది.

అచ్చుమీద మొదటి పొర కాగితం ఉత్తి నీళ్ళతో అంటించండి, జిగురొద్దు, లేకపోతే తర్వాత ఊడదు. ఆపైన మైదా జిగురుతో ఏడు పొరలు. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, కానీ అది విషం, చేతులు కడుక్కోవాలి, పిల్లలకి ఇవ్వకూడదు. అసలు కారులో మనుషులు కూచునే తొట్టిని కూడా కార్బన్ పోగుల బట్ట అచ్చులో పేర్చి, రెసిన్ పట్టించి గట్టిచేస్తారు. మా ఇంటి పనికి దూరపు చుట్టమే అనుకున్నాను. ఆరాక తీసి, ఎడమ సగమే తొడగండి. కుడివైపు పొట్ట కనబడాలి.

హైబ్రిడ్ అంటే ఏటో చూపించడానికి, బొమ్మ కార్ల పసుపు గేరు మోటారొకటి ముందు చక్రానికి బిగించి, దాని రెండు తీగలకీ ఎర్ర ఎల్ఈడీ కలపండి. చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పితే దీపం వెలుగుతుంది. వెలక్కపోతే అటువైపు తిప్పండి. ఘాటీ దిగేటప్పుడు మన బస్సు బ్రేకులు కాలి వాసనొస్తుందే, ఆ కాలిపోయే శక్తిలో కొంత ఇలా మోటారే కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ప్రదర్శనలో పిల్లలందరూ దీని దగ్గరే మూగారు, నా నునుపు ఎవరూ చూళ్ళేదు.

అట్టమీద ఒడియాలోనూ తెలుగులోనూ పేర్లు రాయండి. బలం మాత్రం 887 హార్స్‌పవర్ అనే రాయాలి. ఇంజిను 608, వెనక మోటారు 156, ముందుది 129 కూడితే 893 వస్తుంది కదా అని ఒక మాస్టారు మావాణ్ణి పట్టుకున్నారు. ఇంజినూ మోటార్లూ తిరిగే ఒకే వేగం దగ్గర పూర్తి బలానికి రావండీ, అందుకే ఆరు తగ్గుతుంది అని వాడే చెప్పేశాడు. నేను బయట బండి స్టాండు దగ్గర నిలబడి విన్నాను.