చిన్న ఇంజిన్ల రిపేరు, 5వ పాఠం: ముందు కార్బొరేటర్ గిన్నెలో ఏముందో చూడండి

పోయిన పాఠంలో ప్లగ్గు విప్పి స్పార్క్ వస్తోందో లేదో చూశాం. స్పార్క్ బాగానే ఉంది, ట్యాంకులో పెట్రోల్ ఉంది. అయినా పొలంలోని నీళ్ల ఇంజిన్ చోక్ వేస్తేనే తిరుగుతోంది, తీయగానే ఆగిపోతోంది. ఇలాంటప్పుడు అనుమానం జెట్ మీదకు పోవాలి.

జెట్ అంటే కార్బొరేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగంలో) ఉండే, నడుమ సన్నటి బెజ్జం ఉన్న చిన్న ఇత్తడి మర. ఈ సైజు ఇంజిన్లలో మెయిన్ జెట్ బెజ్జం 1 మిల్లీమీటరు కూడా ఉండదు. స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌ది ఇంకా సన్నం. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువవుతుంది. చోక్ వేస్తే గాలి కూడా తగ్గుతుంది కాబట్టి ఇంజిన్ ఎలాగో నడుస్తుంది. పైలట్ జెట్ సగం మూసుకుంటే స్లోలో స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె ఉంటుంది, అది నిండగానే పెట్రోల్‌ను ఆపే సూది ఫ్లోట్ నీడిల్. అదే మట్టి దాని కింద చేరితే కథ తిరగబడుతుంది: పెట్రోల్ ఆగదు, కార్బొరేటర్ కారిపోతుంది.

ఇంజిన్ చల్లారనివ్వండి. బీడీ, సిగరెట్ దగ్గర ఉండకూడదు. పెట్రోల్ కాక్ మూసి, గిన్నె కింద గాజు సీసా పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. ఇక్కడే చాలామంది తొందరపడి జెట్ విప్పి ఊదేస్తారు. కాస్త ఆగి, సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి.

ఎర్రటి పొడి దిగితే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. జెట్ ఎన్నిసార్లు కడిగినా మళ్లీ మూసుకుంటుంది. అడుగున విడిగా బొట్లు కనిపిస్తే నీళ్లు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోల్ వదిలేసిన ఇంజిన్లలో ఈ బాధ ఎక్కువ. గిన్నెకు గోధుమరంగు జిగురు అంటుకుని ఉంటే అది మట్టి కాదు, నిలవ పెట్రోల్. ఊదితే పోదు, కార్బొరేటర్ క్లీనర్‌లో నానాల్సిందే. సన్నటి మట్టయితే పెట్రోల్ తెచ్చిన సీసానో, గరాటునో, ట్యాంకు మూత చుట్టూ పేరుకున్న దుమ్మునో పట్టుకోండి.

ఆ తర్వాతే జెట్. గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో విప్పండి. గుండుసూది మాత్రం పెట్టకండి. ఇత్తడి మెత్తన, బెజ్జం కాస్త పెద్దదైతే ఇంజిన్ పెట్రోల్ తాగడం మొదలుపెడుతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు. వెలుతురుకు ఎత్తి చూస్తే బెజ్జం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. కంప్రెసర్ గాలి కొట్టేముందు ఫ్లోట్, నీడిల్ తీసి పక్కన పెట్టండి.

ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే పికప్ బాగుంటుందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్ల మాట వింటే దుమ్ము నేరుగా లోపలికి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

వచ్చే పాఠానికి మీ ఇంజిన్ పెట్రోల్ పైపు ఊడదీసి, కాక్ తెరిచి, అర గ్లాసు సీసాలోకి పట్టి గమనించండి. కాక్‌కు జాలీ ఉంటే అదీ విప్పి చూడండి. బ్రష్ కట్టర్లలో ఎక్కువవాటికి ఈ గిన్నె ఉండదు, డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది. దాన్ని 6వ పాఠంలో విప్పుదాం.