డ్యామ్ తీసేశాక వలస చేపలు నిజంగా తిరిగొచ్చాయా? లెక్క తేల్చే పద్ధతి

అమెరికాలో కాలిఫోర్నియా, ఆరెగాన్ రాష్ట్రాల మీదుగా పారే క్లామత్ నది మీద నాలుగు డ్యాములు తీసేసే పని 2024లో ముగిసింది. ఆ అక్టోబరులోనే చినూక్ సాల్మన్ అనే వలస చేపలు ఎగువకు, ఆరెగాన్ దాకా వెళ్లాయి. అవి దారి తెరుచుకుందని వచ్చినవే గానీ అక్కడ పుట్టినవి కావు. చినూక్ పుట్టి, సముద్రానికి వెళ్లి, గుడ్లు పెట్టడానికి తిరిగి రావాలంటే మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు. అందుకే రెండు తరాల లెక్క చేతిలో లేకుండా ‘కోలుకున్నాయి’ అని రాయకండి.

డ్యామ్ కూల్చకముందే లెక్క మొదలవ్వాలి. డ్యాముకు పైన, కింద, ఇంకా ఏ మార్పూ జరగని పొరుగు నదిలో ఒకే తీరున లెక్కపెట్టండి. పొరుగు నది లెక్క లేకపోతే, సముద్రంలో మేత బాగా దొరికి చేపలు పెరిగిన ఏడాదిని కూడా కూల్చివేత ఖాతాలో వేసేస్తారు.

కూల్చాక ముందు నది వెంట నడవండి. అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదిలో గ్లైన్స్ కాన్యన్ డ్యామ్ 2014కల్లా పోయినా, ఇరుకు లోయలో పడ్డ బండలు చేపల్ని ఆపాయి. చివరికి వాటిని పేల్చాల్సి వచ్చింది. ఉపనదులు కలిసే చోట్లు మరీ ముఖ్యం: ప్రధాన నది అడుగు కోసుకుపోతే ఉపనది నోరు మెట్టులా పైన మిగిలిపోతుంది.

తర్వాత, చేపలు నీటిలో వదిలే డీఎన్ఏ కోసం పరీక్ష. దిగువ నుంచి ఎగువకు వెళ్తూ, మీ కాళ్లకు ఎగువ నీటిని 1-2 లీటర్లు పట్టి, ఫిల్టర్‌తో వడకట్టండి. చోటు మారితే చేతి తొడుగులూ మార్చాలి. ప్రతి చోటా స్వేదన జలం కూడా వడకట్టి ల్యాబ్‌కు పంపండి. అందులోనూ డీఎన్ఏ తేలితే ఆ చోటి ఫలితం పక్కన పెట్టాల్సిందే. కూల్చిన కొత్తలో బురదకు ఫిల్టర్ తొందరగా పూడుకుపోతుంది. అప్పుడు రెండు మూడు ఫిల్టర్లు వాడి, ఒక్కోదాంట్లో ఎంత నీరు దిగిందో రాసుకోండి. ఇంకో చిక్కు: సముద్రానికి వెళ్లొచ్చే స్టీల్‌హెడ్, నదిలోనే ఉండిపోయే రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. డ్యాముకు పైన ట్రౌట్ ముందునుంచీ ఉంటే, ఈ పరీక్ష ‘ఉంది’ అన్నా సముద్రం నుంచి వచ్చినట్టు కాదు.

అసలు సాక్ష్యం గుడ్ల గుంతలు. ఆడ సాల్మన్ తోకతో కంకర తవ్విన చోట రాళ్లు తెల్లగా, కడిగినట్టు ఉంటాయి. ఎగువ వైపు గుంత, దిగువ వైపు గుట్ట. గుడ్లు ఆ గుట్ట కిందే ఉంటాయి, కాలు పెట్టకండి. పోలరైజ్డ్ కళ్లద్దాలతో 7-10 రోజులకోసారి నడవండి. ఆలస్యమైతే నాచు పట్టి పాత గుంతలు కనబడవు. ఒకే గుంతను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఒడ్డున తేదీ రాసిన రిబ్బన్ కట్టి, జీపీఎస్ గుర్తు తీసుకోండి. నీరు మురికిగా ఉంటే సున్నా వేయొద్దు, ‘చూడలేకపోయాం’ అని రాయండి. చాలా పట్టికలు చెడేది ఇక్కడే.

చచ్చిన చేపలను వదలకండి. వీపు మీద, తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ (చేప పిల్లల్ని పెంచే కేంద్రం) చేప. రెక్క ఉన్నంత మాత్రాన అక్కడ పుట్టినట్టు కాదు, ఎందుకంటే హేచరీ చేపలన్నింటికీ కత్తిరించరు. తల కోసి చెవిరాయి (చేప చెవిలో ఉండే చిన్న రాయిలాంటి ముక్క) తీస్తే వయసు వలయాలతో పాటు, రాతి నేల నుంచి నీటిలోకి చేరే స్ట్రాన్షియం అనే మూలకం ద్వారా పుట్టిన వాగు గుర్తూ దొరుకుతుంది. పోల్చి చూడటానికి ప్రతి ఉపనది నీరు ముందే పట్టి ఉంచుకోవాలి. రెండు వాగుల రాతి నేల ఒకటే అయితే ఆ గుర్తు వాటిని విడదీయలేదు.