అటక మీద దొరికిన పాత కత్తిని ఎలా పరిశీలించాలి?

జమ్మలమడుగు, కడప వైపు పాత ఇళ్లలో అటక దులిపితే ఒక్కోసారి తుప్పు పట్టిన కత్తో, డాలో బయటపడుతుంది. చూడగానే చింతపండు వేసి తోమాలనిపిస్తుంది. దయచేసి తోమకండి. మా ఇంట్లో అలాగే తోమేశారు. పిడి మీద ఉన్న వెండి పూత గుడ్డకు అంటుకుని పోయింది.

అలుగు (కత్తి రేకు) మీద ఇంకా విలువైనది ఉండొచ్చు. మూసలో (మట్టి పాత్రలో) కరిగించిన మన ఉక్కును బయటి దేశాలవాళ్లు వూట్జ్ అన్నారు. అందులో కార్బన్ 1 నుంచి 2 శాతం దాకా ఉంటుంది. దాంతో చేసిన మంచి కత్తిని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే నీటి అలల్లాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే అవి చెరిగిపోతాయి.

ముందు చేతికి గ్లౌజులు వేసుకోండి, చెమటలోని ఉప్పు ఇనుమును తింటుంది. పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటోలు తీయండి. పొడవు, వెడల్పు, బరువు రాసుకోండి.

తర్వాత రూపం చూడండి. అలుగు వంపు తిరిగి, పిడి చివర గుండ్రటి బిళ్ల ఉంటే తల్వార్. నిటారుగా, రెండు వైపులా వాదరతో (పదునైన అంచుతో) ఉంటే ఖండా కావచ్చు. అడ్డపిడిని గుప్పిట పట్టి పొడిచేది కటారి. పిడి ఇక్కడిదై, అలుగు ఐరోపా నుంచి వచ్చినదైతే దాన్ని ఫిరంగీ అంటారు.

"ఇది గండికోట కత్తి" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. పెమ్మసాని నాయకుల చేతిలోని ఆ కోటను 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆ తర్వాత మొగలు, మరాఠా, మైసూరు సైన్యాలూ ఈ సీమలో తిరిగాయి. ఇక్కడ దొరికినంత మాత్రాన ఇక్కడ చేసినదని చెప్పలేం. అంతకన్నా ఊళ్లోని వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) దగ్గరికి వెళ్లి, శిల్పి వీరుడి చేతిలో ఎలాంటి కత్తి చెక్కాడో చూడండి. దాని మీద తేదీ ఉన్న శాసనం ఉంటే ఆ కాలంలో ఏ రూపం వాడారో తెలుస్తుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో అసలు ఆయుధాలనే పక్కపక్కన పోల్చుకోవచ్చు.

కొనాలనుకుంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. పొలం దున్నుతుంటే దొరికితే కలెక్టరుకు తెలపాలి.

దాచేటప్పుడు ఒరలో పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డతో తుడిచి, మిషన్ ఆయిల్ పల్చగా రాస్తే చాలు. తడి పసుపు, కుంకుమ కింద తుప్పు మొదలవుతుంది కాబట్టి, ఆయుధపూజ నాడు బొట్టు కత్తికి కాకుండా కింద పరిచిన పీటకు పెట్టండి.