రాజోలు నుంచి కువైట్‌కి: ఐదు గంటల విమానం, రోజున్నర ప్రయాణం

టికెట్ మీద ఉదయం 7కి హైదరాబాద్‌లో బయల్దేరి 9.30కి కువైట్‌లో దిగుతుందని ఉంటే, రెండున్నర గంటల ప్రయాణమేగా అనుకోకండి. మొదటిసారి వచ్చినప్పుడు నేనలాగే అనుకున్నాను, ఇంట్లోనూ అదే చెప్పి వచ్చాను. తొమ్మిదిన్నర దాటినా ఫోన్ రాలేదని మా అమ్మ పదకొండింటి దాకా వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చిందట. అప్పటికి నేనింకా గాల్లోనే ఉన్నాను.

టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే అక్కడ 9.30 అయితే కోనసీమలోని మా రాజోల్లో మధ్యాహ్నం 12. హైదరాబాద్ నుంచి తిన్నగా కొలిస్తే దూరం సుమారు 3,370 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానానికి దాదాపు ఐదు గంటలు. మధ్యలో ఇంకో ఊళ్లో మారే టికెట్ చవగ్గా వస్తుంది కానీ, మొదటిసారి ఒంటరిగా వచ్చేవాళ్లకి ఆ టెన్షన్ వద్దని నా సలహా.

అసలు అలసట విమానంలో కాదు, శంషాబాద్ చేరేలోపే. మన వైపు నుంచి బస్సుకి రాత్రంతా పడుతుంది. విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి కాబట్టి, ఒకరోజు ముందే బయల్దేరి తెలిసినవాళ్లింట్లో కాస్త నడుం వాల్చండి. పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ఉండి పనికి వెళ్లేవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితం చేతి సంచీలోనే పెట్టుకోండి. అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు, ఏజెంటు ఎన్ని కబుర్లు చెప్పినా సరే. ఆవకాయ లగేజీలో వేసేయాలి, పూతరేకులు చేతిలో పట్టుకోవాలి. గసగసాలు మాత్రం అసలు వద్దు, గల్ఫ్‌లో వాటివల్ల జైలుకెళ్లినవాళ్లున్నారు.

దిగాక ఇంటికి ఫోన్ చేసే వేళ కుదుర్చుకోండి. కువైట్‌లో రాత్రి తొమ్మిదింటికి పని ముగించి చేస్తే ఇంటి దగ్గర పదకొండున్నర, పెద్దవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లకి వారానికో రోజు సెలవివ్వాలని, వాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని 2015 నాటి కువైట్ చట్టంలోనే ఉంది. ఆ సంగతి మొదటి రోజే గుర్తుపెట్టుకోండి.

సెలవుకి ఇంటికెళ్లే టికెట్ చూసి కూడా కంగారు పడొద్దు. రాత్రి 10కి ఎక్కితే తెల్లారి 5కి దిగినట్టు, ఏడు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి నాలుగున్నర గంటలే. పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి కువైట్‌కి వచ్చినప్పటికంటే కాస్త తొందరగానే చేరతాం. ఆ సాయంత్రం నర్సాపురం రైలుకి బెర్తు మాత్రం ముందే చేయించుకోండి. సంక్రాంతి ముందైతే దొరకదు. తెల్లారి నర్సాపురంలో దిగి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతలి ఒడ్డు మన రాజోలు వైపున్న సఖినేటిపల్లే.