కాలిఫోర్నియాలో బేబీ లీవ్ డబ్బుకు స్టేట్ టాక్స్ కట్టేయకండి

పాప పుట్టాక ఈడీడీ (కాలిఫోర్నియా ఉపాధి శాఖ) నుంచి వచ్చిన పెయిడ్ ఫ్యామిలీ లీవ్ డబ్బుకు ఫెడరల్ టాక్స్ ఉంది, కాలిఫోర్నియా స్టేట్ టాక్స్ లేదు. రిటర్న్ నింపేటప్పుడు ఈ తేడా దగ్గరే తికమక. ఫెడరల్‌లో చూపించిన మొత్తం స్టేట్ లెక్కలోకి కూడా వచ్చేస్తుంది, మనం తీసేస్తే తప్ప పోదు.

ముందు ఈడీడీ ఆన్‌లైన్ ఖాతాలోంచి 1099-జీ ఫారం (ప్రభుత్వం నుంచి మీకు వచ్చిన డబ్బు చూపే కాగితం) దించుకోండి. అందులోని మొత్తాన్ని ఫెడరల్ షెడ్యూల్ 1లో 7వ లైన్‌లో, అంటే నిరుద్యోగ భృతి లైన్‌లోనే వేయాలి. భృతి కాదు కదా అని నేను చాలాసేపు ఆగిపోయాను. వేయాల్సింది అక్కడే. తర్వాత స్టేట్ రిటర్న్‌తో వెళ్లే షెడ్యూల్ సీఏ (540) తెరిచి, మొదటి భాగం సెక్షన్ బీలో 7వ లైన్ చూడండి. 'A' కాలమ్‌లో ఉన్న ఆ మొత్తాన్నే 'B' కాలమ్‌లో రాస్తే స్టేట్ ఆదాయంలోంచి పోతుంది. సాఫ్ట్‌వేర్ వాడినా, సబ్మిట్ చేసే ముందు ఆ ఒక్క గడి చూసుకోండి.

సెలవులో కంపెనీ సొంతంగా ఇచ్చిన జీతానికి మాత్రం ఇది కుదరదు. డబ్ల్యూ-2లో (కంపెనీ ఇచ్చే జీతం వివరాల ఫారంలో) జీతంగా వచ్చినదానికి స్టేట్ టాక్స్ కట్టాల్సిందే.