ఇంగ్లండ్‌లోని ఇంటి అద్దె లెటింగ్ ఏజెంట్ దగ్గరే ఆగిపోతే: సమస్య - కారణం - పరిష్కారం

ఇంగ్లండ్‌లో ఇల్లు కొని, తరువాత హైదరాబాదుకో విజయవాడకో తిరిగివచ్చి, ఆ ఇంటిని లెటింగ్ ఏజెంట్‌కు, అంటే యజమాని తరఫున ఇల్లు అద్దెకిచ్చి అద్దె వసూలు చేసే సంస్థకు, అప్పగించినవారు నన్ను తరచుగా ఒకే మాట అడుగుతుంటారు. మూడు నెలలుగా అద్దె ఖాతాలో పడడం లేదు, ఏజెంట్ మీద కేసు వేయవచ్చా అని. వేయవచ్చు. అయితే ఇంట్లో ఉంటున్నవారు అసలు అద్దె కట్టారా లేదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క విచారణనే అందరూ దాటవేస్తున్నారు. నెలల తరబడి ఏజెంట్‌కు ఉత్తరాలు రాస్తారే గాని, అద్దెకున్నవారికి ఒక్క ఉత్తరం రాయరు.

మర్యాదగా వారినే అడగండి. అద్దె పంపిన తేదీలు, మొత్తాలు, ఏ ఖాతాకు పంపారో కనిపించే బ్యాంకు వివరాలు ఇమ్మనండి. వారు కట్టలేదని తేలితే, హామీ ఇచ్చి ఉంటే తప్ప ఏజెంట్ మీకు బాకీదారుడు కాడు. వసూలు చేయవలసింది అద్దెకున్నవారి నుంచే. వారు కట్టారని తేలితే మాత్రం వారిని మళ్లీ కట్టమనే హక్కు మీకు లేదు, ఎందుకంటే మీ తరఫున వసూలు చేసే అధికారం ఉన్నవాడికి కట్టిన అద్దె మీకు కట్టినట్టే లెక్క.

లక్షణం: అద్దె వస్తోంది గాని, తగ్గి వస్తోంది

కమిషన్, మరమ్మతులు పోను ఇంకా సుమారు ఐదో వంతు తక్కువగా ఉంటే, అది చాలావరకు పన్ను. యజమాని ఆరు నెలలకు మించి విదేశంలో ఉంటే, ఏజెంట్ అద్దెలో ఖర్చులు పోగా మిగిలినదానిపై 20 శాతం మినహాయించి అక్కడి పన్నుల శాఖకు కట్టాలి. విదేశాల్లో ఉండే యజమానుల కోసం ఉన్న ఎన్ఆర్ఎల్1 ఫారం ఆ శాఖకు పంపి అనుమతి తెచ్చుకుంటే పూర్తి అద్దె చేతికి వస్తుంది. మినహాయించినదానికి ఏటా ఎన్ఆర్ఎల్6 ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

లక్షణం: అద్దెకున్నవారు కట్టారు, ఏజెంట్ పంపడం లేదు

ఇంగ్లండ్‌లో ఇతరుల అద్దె డబ్బు చేతిలో ఉంచుకునే ప్రైవేటు లెటింగ్ ఏజెంట్ 2019 ఏప్రిల్ 1 నుంచి క్లయింట్ మనీ ప్రొటెక్షన్ (ఏజెంట్ చేతిలో ఉన్న క్లయింట్ల డబ్బుకు రక్షణ) పథకంలో తప్పనిసరిగా సభ్యుడై ఉండాలి. లేకపోతే 30,000 పౌండ్ల వరకు జరిమానా పడుతుంది. ప్రాపర్టీమార్క్, సేఫ్‌ఏజెంట్, మనీ షీల్డ్ వంటివి ఇలాంటి పథకాలు. ఏజెంట్ గోడకు తగిలించిన ధ్రువపత్రాన్ని నమ్మి ఊరుకోకుండా, ఒప్పందంలో ఉన్న కంపెనీ పేరుతోనే సభ్యత్వం ఉందా, అది ఇంకా అమలులో ఉందా అని పథకం వెబ్‌సైట్‌లో చూడండి. బోర్డు మీది పేరు ఒకటి, కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయమైన కంపెనీస్ హౌస్‌లో ఉన్న పేరు మరొకటి కావడం మామూలే. ఏజెంట్ డబ్బు వాడేసుకున్నా, దివాలా తీసినా మీరు వెళ్లవలసింది ఈ పథకం దగ్గరికే. దరఖాస్తుకు ప్రతి పథకానికీ గడువు ఉంటుంది కాబట్టి, ఏజెంట్ చెప్పే వాయిదాలు వింటూ ఆ గడువును పోగొట్టుకోకండి.

ఏజెంట్ వ్యాపారం ఇంకా నడుస్తుంటే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఎనిమిది వారాల్లో పరిష్కరించకపోతే, ఇలాంటి ఫిర్యాదులను విచారించే ప్రాపర్టీ అంబుడ్స్‌మన్, ప్రాపర్టీ రిడ్రెస్ అనే రెండు సంస్థల్లో అతడు సభ్యుడుగా ఉన్నదానికి వెళ్లవచ్చు.

లక్షణం: పథకం మీ దరఖాస్తును తిప్పి పంపింది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. "ఇల్లు ఖాళీగా ఉన్నా మీకు నెలనెలా అద్దె ఖాయం" అని ఒక సంస్థ చెబితే సంతకం పెట్టాను. ఏడాదిన్నర బాగానే సాగి, తరువాత డబ్బు ఆగిపోయింది. ఇంట్లో ఉన్నవారు క్రమం తప్పకుండా కట్టినట్టు రుజువులు సంపాదించి, ధైర్యంగా పథకానికి దరఖాస్తు చేశాను. ఇది క్లయింట్ డబ్బు కాదు అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది.

ఆ జవాబు సరైనదే. గ్యారంటీడ్ రెంట్ ఒప్పందాల్లో చాలావాటిలో ఆ సంస్థ మీ ఏజెంట్ కాదు, మీ అద్దెదారు. ఇంటిని మీ దగ్గర తాను అద్దెకు తీసుకుని, తన పేరుతో ఇతరులకు ఇస్తుంది. కాబట్టి లోపల ఉన్నవారు కట్టేది ఆ సంస్థ సొంత ఆదాయం, మీకు రావలసింది ఆ సంస్థ ఇవ్వవలసిన మామూలు బాకీ. పథకం రక్షణ సాధారణంగా దీనికి వర్తించదు.

దీనిని గుర్తించడానికి, ఇంట్లో ఉంటున్నవారి ఒప్పందంలో యజమాని అన్న చోట ఎవరి పేరు ఉందో చూడండి. అక్కడ సంస్థ పేరు ఉంటే అనుమానం తీరినట్టే. నెలవారీ లెక్కలో కమిషన్ వరుస లేకపోవడం, అద్దెకున్నవారి డిపాజిట్ ఆ సంస్థనే యజమానిగా చూపి నమోదై ఉండడం కూడా అదే చెబుతాయి. నా ఒప్పందం మొదటి పేజీలోనే సంస్థను అద్దెదారుగా పేర్కొన్నారు. "మేనేజ్‌మెంట్" అన్న శీర్షిక చూసి నేను కిందికి చదవలేదు.

పరిష్కారం కూడా మారుతుంది. సంస్థను అద్దె ఎగ్గొట్టిన అద్దెదారుగానే భావించి, ఒప్పందాన్ని రద్దు చేసే నిబంధన ఏమిటో న్యాయవాది చేత చదివించండి. కోపంతో వెళ్లి తాళాలు మార్చకండి. కోర్టు ఉత్తర్వు లేకుండా లోపల నివసించేవారిని వెళ్లగొట్టడం 1977 నాటి చట్టం ప్రకారం నేరం. ఉపఅద్దె చట్టబద్ధంగా ఇచ్చినదై, లోపలివారిది అష్యూర్డ్ టెనెన్సీ (అక్కడి ప్రైవేటు ఇళ్లలో సాధారణంగా ఉండే అద్దె ఒప్పందం) అయితే, 1988 హౌసింగ్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం సంస్థ ఒప్పందం ముగిశాక వారు నేరుగా మీ అద్దెదారులవుతారు, అప్పటి నుంచి అద్దె మీకే వస్తుంది. పాత బాకీ కోసం కోర్టుకు వెళ్లేముందు కంపెనీస్ హౌస్‌లో ఆ సంస్థ లెక్కలు చూడండి. ఆస్తులేమీ లేని కంపెనీపై తీర్పు తెచ్చుకున్నా వసూలయ్యేది ఉండదు. అందుకే కొత్తగా సంతకం పెట్టేవారికి డైరెక్టరు వ్యక్తిగత హామీ అడగమని చెబుతున్నాను. గృహరుణం ఇచ్చిన బ్యాంకు ఇలాంటి ఒప్పందాన్ని అనుమతిస్తుందో లేదో కూడా అప్పుడే అడగాలి.

ఖాతా నంబరు తప్పు పడడం, బ్యాంకు చెల్లింపును నిలిపివేయడం వంటివి అరుదు. ఒక్క ఫోను చేస్తే తేలిపోతాయి.

కోర్టు తప్పదనుకుంటే

ముందుగా బాకీ లెక్కతో నోటీసు పంపండి. కంపెనీ అయితే సాధారణంగా 14 రోజులు, సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తి అయితే 30 రోజులు గడువు ఇవ్వాలి. 10,000 పౌండ్ల వరకు చిన్న దావాల పద్ధతిలో న్యాయవాది లేకుండానే నడుపుకోవచ్చు. మీరు భారతదేశంలో ఉన్నా, కోర్టు కాగితాలు అందుకోవడానికి యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఒక చిరునామా ఇవ్వాలి. ఒప్పందపు బాకీకి కాలపరిమితి ఆరేళ్లు.

దావా వేసిన రోజే కంపెనీస్ హౌస్‌లో ఆ కంపెనీపై ఉచిత ఈమెయిల్ హెచ్చరిక పెట్టుకోండి. బాకీలు ఉండగానే కంపెనీని రిజిస్టరు నుంచి తీసివేయించుకోవడానికి కొందరు దరఖాస్తు చేస్తారు. గెజిట్ ప్రకటన వెలువడిన తరువాత కనీసం రెండు నెలల సమయం ఉంటుంది. ఆ లోపు మీ బాకీ రుజువులతో ఆన్‌లైన్‌లో అభ్యంతరం తెలిపితే రద్దును ఆపించవచ్చు.