కొత్త ఉద్యోగంలో చేరేముందు ఆఫీసు బూట్లు కొనేవారికి జాగ్రత్తలు

వాడగా వాడగా వదులవుతుందన్న మాట నమ్మి బిగుతు బూటు కొనకండి. తోలు వెడల్పులో కొంత సాగుతుందే గాని పొడవు పెరగదు కనుక, వేళ్ల ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండితీరాలి.

పగలంతా తిరిగాక పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి, ఆఫీసుకు వేసుకునే మేజోళ్లతోనే సాయంత్రం పూట తొడిగి చూసి, పెద్దగా ఉన్న పాదానికి సరిపోయిన సైజునే తీసుకోండి.

తగ్గింపు ధరకు ఇచ్చే పాత సరుకైతే పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. పాలీయురేథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్‌తో చేసిన బూటు అడుగులు గాలిలోని తేమకు, ఒక్కరోజు తొడగకపోయినా, ఏళ్లు గడిచేసరికి పొడిపొడిగా రాలిపోతాయి.

వానాకాలంలో చేరేవారికి రబ్బరు అడుగు మేలు. నున్నని తోలు అడుగు తడి గచ్చు మీద జారుతుంది.

ఒక్క జతే కొనేట్లయితే లేసులున్న నల్లబూట్లు ఎంచుకోండి, ఎక్కువ ప్యాంట్లకు నప్పుతాయి.